తీర్పు వేరు, అభిప్రాయం వేరు

సందేహం: అమెరికా సుప్రీంకోర్టు వార్తల్లో ‘కోర్టు తీర్పు చెప్పింది’, ‘అభిప్రాయపడింది’, ‘వ్యాఖ్యానించింది’ అని మార్చి మార్చి రాస్తుంటారు. ఈ మూడూ ఒకటేనా? డాబ్స్ కేసులో ప్రధాన న్యాయమూర్తి ‘తీర్పుతో ఏకీభవించారు, అభిప్రాయంతో ఏకీభవించలేదు’ అని చదివి అయోమయంలో పడ్డాను.
(ఒక పాఠకురాలు, డాలస్)

సమాధానం: ఒకటి కావు. వెంట వెంటనే అదే మాట వాడకూడదని మనకు బళ్లో వ్యాసాలు రాసినప్పుడే నేర్పారు. కోర్టు వార్తల్లో ఆ అలవాటు విషయాన్నే తారుమారు చేస్తుంది.

మీరడిగిన కేసునే తీసుకుందాం. 15 వారాలు దాటిన గర్భస్రావాలను దాదాపుగా నిషేధించిన మిసిసిపి చట్టం చెల్లుతుందా అన్నది అందులో ప్రశ్న. 2022 జూన్ 24న తొమ్మిది మందిలో ఆరుగురు చెల్లుతుందన్నారు, ముగ్గురు చెల్లదన్నారు. తీర్పు అంటే అంతవరకే. ఎందుకు చెల్లుతుందన్నది వేరే సంగతి. గర్భస్రావ హక్కు రాజ్యాంగంలో లేదనీ, ఆ హక్కును గుర్తించిన 1973 నాటి రో తీర్పు రద్దు కావాలనీ జస్టిస్ అలిటో రాసిన కారణాలను మొత్తం ఐదుగురు ఒప్పుకున్నారు. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ చట్టాన్ని నిలబెట్టారు కానీ, అందుకోసం రో తీర్పును పూర్తిగా రద్దు చేయనక్కర్లేదన్నారు. అందుకే 6-3 అని రాసినవారూ, 5-4 అని రాసినవారూ ఇద్దరూ సరిగ్గానే రాశారు.

ఆ కారణాల పాఠాన్నే అక్కడ ‘ఒపీనియన్’ అంటారు. దాన్ని ‘అభిప్రాయం’ చేసేసరికి చిక్కొచ్చింది. భయపడటం, సిగ్గుపడటం, ఆశపడటంలాగే ‘అభిప్రాయపడటం’ కూడా మనసులో జరిగే పని. ఒక నాయకుడు అభిప్రాయపడ్డారంటే ఆయనకు అలా అనిపించిందనే కదా! కోర్టు మెజారిటీ రాసిన ఒపీనియన్ అలాంటిది కాదు. కింది కోర్టులన్నీ దానికి కట్టుబడాలి. కాబట్టి ‘కోర్టు తేల్చింది’ అనండి. మనకున్న చక్కటి క్రియ అది. నామవాచకం కావాలంటే ‘తీర్పు పాఠం’ అనవచ్చు, ‘ఒపీనియన్’ అనే ఉంచినా నాకు అభ్యంతరం లేదు. తమాషా ఏమిటంటే, చట్టం చెల్లదన్న ముగ్గురు న్యాయమూర్తులు బ్రేయర్, సోటోమేయర్, కేగన్ కలిసి విభేదిస్తూ రాసినదాన్ని ‘భిన్నాభిప్రాయం’ అంటే అతికినట్టు సరిపోతుంది. అది ఎవరినీ కట్టిపడేయదు మరి.

క్రియ కంటే ఎక్కువ పొరపాట్లు కర్త దగ్గర జరుగుతాయి. గర్భనిరోధకాలు, స్వలింగ వివాహాల మీద పాత తీర్పులను కూడా మళ్లీ పరిశీలించాలని అదే కేసులో జస్టిస్ థామస్ రాశారు. దాన్ని ‘కోర్టు వ్యాఖ్యానించింది’ అని రాస్తే తప్పే. అది ఆయన ఒక్కరే విడిగా రాసుకున్నది. గర్భస్రావంతో సంబంధం లేని తీర్పులకు దీనివల్ల ఢోకా లేదని అలిటో రాసిన పాఠంలోనే ఉంది. ‘జస్టిస్ థామస్ విడిగా రాశారు’ అంటే చాలు, చదివేవాళ్లకు లేనిపోని టెన్షన్ ఉండదు.

ఇక వ్యాఖ్యానం. కాళిదాసు కావ్యాలకు మల్లినాథుడు చేసింది వ్యాఖ్యానం. పత్రికల్లో అదే మాటకు ‘సందర్భవశాత్తూ అనడం’ అనే అర్థం స్థిరపడింది. వాదనల మధ్య న్యాయమూర్తి వేసిన ప్రశ్నకో, కేసు తేలడానికి అవసరం లేకుండా తీర్పులో దొర్లిన మాటకో ‘వ్యాఖ్య’ సరిపోతుంది. కోర్టు తేల్చినదానికి మాత్రం వాడకండి.

మీరు అడగకపోయినా ‘కొట్టివేసింది’ గురించీ ఒక మాట. అమెరికా సుప్రీంకోర్టు తన ముందుకొచ్చే కేసుల్లో చాలావాటిని అసలు తీసుకోదు. సాధారణంగా కనీసం నలుగురు న్యాయమూర్తులు సరేనంటేనే తీసుకుంటుంది. హెచ్-4 వీసా మీద ఉన్న, హెచ్-1బి ఉద్యోగుల జీవిత భాగస్వాముల్లో కొందరికి పని అనుమతి ఇచ్చే నిబంధనపై దాఖలైన కేసును 2025 అక్టోబరులో అలాగే పక్కన పెట్టింది. కింది కోర్టు తీర్పు నిలిచింది, అనుమతులూ కొనసాగాయి. అంతమాత్రాన ఆ నిబంధన సరైనదని సుప్రీంకోర్టు తేల్చినట్టు కాదు. ఇలాంటి చోట ‘కొట్టివేసింది’ అని కాకుండా ‘విచారణకు తీసుకోలేదు’ అని రాయాలి.