వాళ్లు సెషన్‌కి రాకపోతే

అమ్మాయీ,

ఇంగ్లండు జైల్లో, అదీ పర్సనాలిటీ డిజార్డర్ (వ్యక్తిత్వ లోపం) ఉన్న ఖైదీల యూనిట్లో సైకాలజిస్టుగా చేరుతున్నావని విని మీ అత్తయ్య హడలిపోయింది. నాకు మాత్రం సంబరంగానే ఉంది. "ఎవరూ సెషన్‌కి రారట కదా మావయ్యా, ఎలా రప్పించాలి?" అని అడిగావు.

రానివాణ్ని మొండివాడనుకోకు. పుట్టినప్పటినుంచీ మాటిచ్చి తప్పిన పెద్దలనే చూసినవాడు నిన్నూ ఆ ఖాతాలోనే వేస్తాడు. ఒకసారి వింగ్ (ఖైదీల గదులుండే విభాగం) గేటు దగ్గర తాళాల గొడవతో ఒక ఖైదీ దగ్గరికి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. ఆరు వారాలు అతను నా మొహం చూడలేదు. ప్రతి మంగళవారం రెండింటికి సెల్ తలుపు దగ్గర నిలబడి, "వచ్చాను. మళ్లీ మంగళవారం వస్తాను" అని వెనక్కి వచ్చేసేవాణ్ని. బతిమాలలేదు. ఏడోవారం, "ఈ దేశంలో మీకొక్కరికే పనిలేదా?" అంటూ వచ్చి కూర్చున్నాడు.

నిజానికి పిలవగానే వచ్చేవాళ్లే ఎక్కువ కష్టం. ప్రజల రక్షణ పేరుతో వేసే, విడుదల తేదీ లేని ఐపీపీ శిక్షలు 2005లో అమల్లోకొచ్చాయి. 2012లో రద్దుచేశారు గానీ, అప్పటికే ఆ శిక్ష పడినవాళ్లకి ఆ రద్దు వర్తించలేదు. అలాంటివాడికి నువ్వు, విడుదల సంగతి తేల్చే పెరోల్ బోర్డుకి తలుపువి. "మారిపోయాను" అని గడగడా అప్పజెబుతాడు. అందుకే అతనిమీద నువ్వు రాసే రిపోర్టు ఎవరెవరికి వెళ్తుందో, ఏది దాచలేవో మొదటిరోజే చెప్పెయ్. రాశాక ముందు అతనికే చదివి వినిపించు. తిడతాడు. తిట్టనీ.

1999లో ప్రభుత్వం 'ప్రమాదకరమైన, తీవ్ర వ్యక్తిత్వ లోపం' అని ఒక పేరు తెచ్చి, ఆ తర్వాత వైట్‌మూర్, ఫ్రాంక్లండ్ జైళ్లలో, బ్రాడ్‌మూర్, రాంప్టన్ ఆసుపత్రుల్లో యూనిట్లు నడిపింది. నుదుటిమీద ఆ ముద్ర కొట్టి, ఇక మమ్మల్ని నమ్మవయ్యా అంటే ఎవడు నమ్ముతాడు? బకింగ్‌హామ్‌షైర్‌లోని గ్రెండన్ జైలుది 1962 నుంచీ వేరే దారి. ఇష్టపడి వచ్చినవాళ్లే అక్కడుంటారు. కట్టుబాటు తప్పినవాడి సంగతి తోటి ఖైదీలు కూర్చుని మాట్లాడి, ఓటేస్తారు. కుదిరితే ఒకసారి చూసిరా.

"నువ్వొక్కదానివే నన్ను అర్థం చేసుకున్నావు, మిగతావాళ్లంతా దొంగలు" అని ఎవడో ఒకడు అంటాడు. వినడానికి తియ్యగానే ఉంటుంది. ఆ సాయంత్రమే టీమ్‌లో చెప్పు. వింగ్ ఆఫీసర్లనూ కలుపుకో. నువ్వు అతన్ని వారానికో గంట చూస్తావు, వాళ్లు రోజంతా చూస్తారు.

ఇంటి సంగతులు అడిగితే అబద్ధం ఆడకు, నిజమూ చెప్పకు. "అది మాట్లాడను" అంటే చాలు. మీది ఏ ఊరని ఒకడు నన్ను రెండేళ్లు అడిగాడు. చివరి సెషన్లో తనే, "చెప్పరులెండి" అని నవ్వి వెళ్లిపోయాడు.

మీ మావయ్య