ఏపీ పరీక్షల కోచింగ్‌కు మూడు వేల డాలర్లు పెట్టొచ్చా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటాం. మా అమ్మాయి లెవెన్త్ గ్రేడ్. ఈ ఏడాది ఐదు ఏపీ కోర్సులు తీసుకుంది. పోయినేడాది వరల్డ్ హిస్టరీలో 3 వచ్చింది. మేలో ఐదింట్లోనూ 5 తెచ్చుకుంటే యూటీ ఆస్టిన్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్), యేల్ లాంటి చోట్ల సీటు ఖాయమని, ఏడాది ఫీజు కూడా మిగులుతుందని చెప్పి కోచింగ్‌కు 3,000 డాలర్లు అడుగుతున్నారు. కట్టమంటారా?

జవాబు: ఐదింటికీ వద్దు. ఒకదానికి, మహా అయితే రెండింటికి. అదీ ఫిబ్రవరి దాకా ఆగి చూశాక.

ఏపీ అనగానే మనవాళ్లకు రాష్ట్రం గుర్తొస్తుంది గానీ, ఇది కాలేజ్ బోర్డు నడిపే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. ఇందులో కోర్సు వేరు, పరీక్ష వేరు. ఏడాదంతా చదివే కోర్సుకు స్కూలు గ్రేడు ఇస్తుంది. మేలో రాసే పరీక్షకు 1 నుంచి 5 వరకు స్కోరు వస్తుంది. మీకు కోచింగ్ అమ్ముతున్నవాళ్లు ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతున్నారు.

సీటు విషయంలో బరువంతా కోర్సుది, అందులో వచ్చిన గ్రేడుది. ట్వెల్త్‌లో రాసే పరీక్షల స్కోర్లు జులైలో వస్తాయి. మే 1 నాటికే పిల్లలు కాలేజీ ఎంచుకుని డిపాజిట్ కట్టేసి ఉంటారు కాబట్టి ఆ స్కోర్లను ఏ అడ్మిషన్ కమిటీ చూడదు. లెవెన్త్ వరకు వచ్చినవైనా చాలా కాలేజీల్లో ఇష్టమైతేనే దరఖాస్తులో రాసుకోవచ్చు. 4, 5 ఉంటే రాయండి. ఆ 3 రాయకపోయినా నష్టం లేదు. రద్దు మాత్రం చేయకండి, అది ఎందుకు పనికొస్తుందో కింద చెబుతాను.

యూటీ ఆస్టిన్‌లో 2026 ఫాల్ నుంచి క్లాసులో మొదటి 5 శాతంలో ఉన్న టెక్సస్ విద్యార్థులకు ఆటోమేటిక్ అడ్మిషన్. కోరిన మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టుకు) ఆ హామీ లేదు. ర్యాంకు జీపీఏ (స్కూలు గ్రేడ్ల సగటు) నుంచి వస్తుంది, మే స్కోరుకు అందులో చోటే లేదు. వారానికి ఐదు కోచింగ్ క్లాసుల మధ్య స్కూల్లో ఒక ఏ కాస్తా బీ అయిందంటే డబ్బిచ్చి ర్యాంకు పోగొట్టుకున్నట్టే. యేల్ సంగతి కొంచెం వేరు. 2024లో ప్రకటించిన విధానం ప్రకారం శాట్, యాక్ట్ (కాలేజీ ప్రవేశ పరీక్షలు), ఏపీ, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియట్) స్కోర్లలో ఏదో ఒకటి ఇవ్వాలి. ఏపీ ఎంచుకుంటే అప్పటిదాకా రాసిన అన్ని స్కోర్లూ చూపించాలి, ఆ 3తో సహా. శాట్ బాగుంటే దాన్నే పంపండి.

ఇక ఫీజు మిగులు. అసలు లెక్క ఇక్కడే తప్పుతుంది. టెక్సస్ ప్రభుత్వ కాలేజీలు చాలా సబ్జెక్టుల్లో 3 నుంచే క్రెడిట్ ఇస్తాయి, అంటే ఆ కోర్సు కాలేజీలో చదివేసినట్టే లెక్కేస్తాయి. డార్ట్‌మత్, బ్రౌన్, కాల్‌టెక్ ఏపీ స్కోర్లను డిగ్రీకి లెక్కేయవు. ఎంఐటీ 5 వచ్చిన కొద్ది సబ్జెక్టులకే ఇస్తుంది. క్రెడిట్ వచ్చినా బిల్లు దానంతటది తగ్గదు. యూటీ ఆస్టిన్‌లో ఫుల్‌టైమ్ విద్యార్థికి సెమిస్టర్‌కు ఒకటే ఫ్లాట్ ఫీజు. పన్నెండు క్రెడిట్లు తీసుకున్నా పదిహేను తీసుకున్నా అంతే. ఒక సెమిస్టర్ ముందే డిగ్రీ పూర్తయితేనే డబ్బు మిగులుతుంది. దానికి సుమారు 15 క్రెడిట్లు కావాలి, అవి డిగ్రీ ప్లాన్‌లో ఉన్నవై ఉండాలి. టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో అందరూ చదవాల్సిన 42 క్రెడిట్ల కోర్‌లో అమెరికా చరిత్రకు 6, గవర్నమెంట్‌కు 6 ఉంటాయి. అక్కడ పనికొచ్చే ఏపీలకు విలువ ఎక్కువ. ఇంజినీరింగ్‌లో ఒక కోర్సు పూర్తయితేగానీ తర్వాతిది తీసుకోలేరు కాబట్టి నాలుగేళ్లూ పట్టేయవచ్చు. మెడిసిన్ ఆలోచన ఉంటే, చాలా మెడికల్ స్కూళ్లు బయాలజీ, కెమిస్ట్రీలకు ఏపీ క్రెడిట్‌ను ఒప్పుకోవని గుర్తుంచుకోండి.

అందుకని ఇలా చేయండి. అమ్మాయి దరఖాస్తు చేసే కాలేజీల ఏపీ క్రెడిట్ పట్టికలు తెరిచి, ఏ సబ్జెక్టుకు ఎంత స్కోరు అడుగుతున్నారో రాసుకోండి. ఫిబ్రవరిలో కాలేజ్ బోర్డు ఉచితంగా పెట్టిన పాత ఫ్రీ రెస్పాన్స్ (జవాబు సొంతంగా రాయాల్సిన) ప్రశ్నలను గడియారం పెట్టి రాయించండి. క్రెడిట్ గీతకు (కాలేజీ అడిగే స్కోరుకు) ఒక్క మెట్టు కింద ఆగిపోయిన సబ్జెక్టు ఏదైనా ఉంటే దానికే ట్యూషన్. గీత 3 దగ్గర ఉండి అమ్మాయికి 4 వస్తుంటే, 5 కోసం పెట్టే డబ్బుతో బిల్లులో ఒక్క డాలరూ తగ్గదు.

పరీక్ష ఫీజు 2025లో ఒక్కోదానికి 99 డాలర్లు. నవంబర్ మధ్యలో ఆర్డర్ గడువు దాటితే 40 అదనం, ఆర్డరిచ్చి రాయకపోయినా 40. స్కోర్లు ఏటా ఒక కాలేజీకి జూన్ 20 లోపు ఉచితంగా పంపొచ్చు, తర్వాత ఒక్కో రిపోర్టుకు 15. ఆ ఉచిత అవకాశాన్ని ట్వెల్త్ ముగిశాక, చేరబోయే కాలేజీకి వాడుకోండి. వరల్డ్ హిస్టరీ 3 కూడా అందులోనే వెళ్తుంది, క్రెడిట్ వస్తే వచ్చినట్టే. యూటీలో మాత్రం వచ్చిన క్రెడిట్‌ను అమ్మాయే క్లెయిమ్ చేసుకోవాలి.

మీకు 529 ఖాతా (చదువు కోసం పన్ను రాయితీతో దాచే పొదుపు ఖాతా) ఉంటే, 2025 జులై 4 తర్వాత తీసే డబ్బుతో ఏపీ పరీక్ష ఫీజు ఫెడరల్ పన్ను పడకుండా కట్టొచ్చు. ట్యూషన్‌కూ వాడొచ్చు, కానీ చెప్పేవారు బంధువై ఉండకూడదు, టీచింగ్ లైసెన్స్ లాంటి అర్హత ఉండాలి, క్లాసు ఇంటి బయట జరగాలి. రశీదులు దాచండి.