కట్ట ఒకవైపు లావు, మరోవైపు సన్నం: రౌండ్ బేలర్ సమస్యకు సమాధానం

మీ రౌండ్ బేలర్ (పొలంలోని గడ్డిని గుండ్రని కట్టలుగా చుట్టే యంత్రం) నుంచి గడ్డి కట్టలు ఒకవైపు లావుగా, మరోవైపు సన్నగా వస్తున్నాయని, సన్నని వైపు పురికొస జారిపోతోందని రాశారు. తాడు చుట్టే భాగాన్ని ఇప్పుడే విప్పకండి. ఆకారం చెడిన కట్ట మీద ఏ తాడూ నిలవదు.

గడ్డి వరుస పికప్ (నేలమీది గడ్డిని పళ్లతో ఎత్తి బేలర్‌లోకి పంపే భాగం) కంటే సన్నగా ఉన్నప్పుడు ట్రాక్టరు నేరుగా నడిపితే గడ్డంతా ఒకేచోట పడుతుంది. నడిమధ్య పడితే కట్ట పీపాలా ఉబ్బుతుంది, ఒక పక్కనే పడితే మీకు వచ్చినట్టే వస్తుంది. అందుకే వరుసను కొంత దూరం ఎడమ అంచుకు, కొంత దూరం కుడి అంచుకు అందించండి. పాములా గబగబా మెలికలు తిప్పవద్దు, అలా చేస్తే మళ్లీ మధ్యలోనే ఎక్కువ పడుతుంది. అంచుల దగ్గర నిలకడగా నడిపి, మధ్యను చప్పున దాటాలి.

అప్పటికీ మారకపోతే పికప్ పళ్లు చూడండి. విరిగిన పళ్లున్న చోట గడ్డి నేలమీదే మిగిలి, బేలర్ వెనక సన్నని చారలా కనిపిస్తుంది. మీది కట్టను బెల్టులతో చుట్టే యంత్రమైతే ఆ బెల్టుల పొడవులు కూడా పోల్చాలి.

బతిమాలి చెబుతున్నాను: పీటీఓ (ట్రాక్టరు నుంచి బేలర్‌కు శక్తినిచ్చే తిరిగే షాఫ్టు), ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, తిరిగేవన్నీ నిలిచాకే దగ్గరికి వెళ్లండి. వెనక తలుపు ఎత్తితే, దాని లాకు వేయకుండా కిందికి వంగవద్దు.