షోరూమ్ సర్వీస్ బిల్లు: మీ డబ్బు అసలు ఎక్కడ పోతోంది?

ప్రశ్న: బైక్ కొని మూడేళ్లయింది. నెలకు సుమారు 500 కిలోమీటర్లు తిరుగుతాను. ఫ్రీ సర్వీసులు అయిపోయాక షోరూమ్‌లో ఇచ్చిన ప్రతిసారీ ముందు ఒకటి చెప్పి, తీరా బండి తీసుకునేటప్పుడు దానికి ఒకటిన్నర రెట్లకు పైగా బిల్లు చేతిలో పెడుతున్నారు. పోయినసారి క్రెడిట్ కార్డు గీకి, ఇప్పటికీ మినిమమ్ డ్యూ కట్టుకుంటూ వస్తున్నాను. బయటి మెకానిక్ అదే పని 40 శాతం తక్కువకు చేస్తానంటున్నాడు. షోరూమ్ వాళ్లేమో ఏఎంసీ (ముందే డబ్బు కట్టే ఏడాది సర్వీసు ఒప్పందం) తీసుకోమంటున్నారు. వారంటీ ఇంకో రెండేళ్లు ఉంది. ఏం చేయమంటారు? ఈ బండి అమ్మేసి కొత్తది కొంటే ఈ టెన్షన్ పోతుందా?

జవాబు: మీరు పంపిన బిల్లు చూశాను. మొత్తం 11 వరుసలు ఉన్నాయి. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు వాషర్, ఎయిర్ ఫిల్టర్, లేబర్. ఇవి ఐదు. మీకు ముందు చెప్పిన మొత్తం సరిగ్గా ఈ ఐదింటిదే. మిగతా ఆరు ఏమిటంటే ఇంజిన్ ఫ్లష్ (పాత ఆయిల్ తీసే ముందు ఇంజిన్ లోపల కడగడానికి పోసే ద్రవం), ఇంజెక్టర్ క్లీనర్, చైన్ స్ప్రే, పాలిష్, తుప్పు పట్టకుండా కోటింగ్, ఆఖర్న కన్స్యూమబుల్స్ (పనిలో వాడి పారేసే చిల్లర సామాన్లు) అని ఒక గుండుగుత్త పద్దు. మొదటి ఐదింటినీ కలిపి 100 అనుకుంటే ఈ ఆరూ కలిసి 60 అయ్యాయి. షోరూమా, బయటి మెకానికా అని మీరు తల పట్టుకుంటున్నారు గానీ, ముందు తేల్చుకోవాల్సింది ఈ 60 సంగతి.

బండితో పాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్ ఒకసారి బయటికి తీయండి (సీటు కిందో, బీరువాలో కాగితాల మధ్యో ఉంటుంది, పోతే కంపెనీ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది). అందులో మెయింటెనెన్స్ షెడ్యూల్ అని ఒక పట్టిక ఉంటుంది. పైన కిలోమీటర్లు, నెలలు, పక్కన భాగాల పేర్లు, గళ్లలో ఒక్కో అక్షరం. 'ఐ' ఉంటే చూడటం, 'ఆర్' ఉంటే మార్చడం, 'సి' ఉంటే శుభ్రం చేయడం, 'ఎల్' ఉంటే ఆయిలో గ్రీజో పెట్టడం. మీ బండి ఇప్పుడు 18,000 దగ్గర ఉంది కాబట్టి ఆ నిలువు వరుసలో వేలు పెట్టి కిందికి రండి. అదే మీ బండికి ఈసారి చేయాల్సిన పని. ఇంజిన్ ఫ్లష్ ఆ పట్టికలో కనిపించదు, పాలిష్ అసలే కనిపించదు. ఆయిల్ వేళకు మారుస్తున్న ఇంజిన్‌కి ఫ్లష్ పోయడం వల్ల ఒరిగేదేమీ లేదు. చైన్ పని మాత్రం అవసరమే, కానీ చైన్‌కి లూబ్ కొట్టాల్సింది ఏడాదికోసారి షోరూమ్‌లో కాదు, 500 నుంచి 1000 కిలోమీటర్లకోసారి మీ ఇంటి ముందు. ఒక డబ్బా కొనుక్కుంటే నెలల తరబడి వస్తుంది.

ఇక్కడ చాలామంది తప్పు చోట గొడవ పడతారు. డ్రెయిన్ బోల్టు వాషర్‌కి డబ్బులేమిటండీ అని కౌంటర్ దగ్గర గట్టిగా అడుగుతారు, కోటింగ్ దగ్గర మాత్రం నోరు మెదపరు. ఆ వాషర్ మెత్తటి లోహంతో చేసింది, బోల్టు బిగించినప్పుడు నలిగి ఆయిల్ కారకుండా పట్టుకుంటుంది, కాబట్టి ఆయిల్ మార్చినప్పుడల్లా అదీ మార్చడమే పద్ధతి. బిల్లులో అన్నిటికంటే చిన్న అంకె, అన్నిటికంటే న్యాయమైన అంకె అదే.

ఆయిల్ విషయంలో మాత్రం కొంచెం కళ్లు తెరిచి చూడాలి. మాన్యువల్‌లో ఆయిల్ పరిమాణానికి సాధారణంగా ఒకటి కాదు, రెండు మూడు అంకెలు ఉంటాయి. ఆయిల్ ఒక్కటే మారిస్తే ఇంత, ఫిల్టర్ కూడా మారిస్తే ఇంత, ఇంజిన్ మొత్తం విప్పి బిగిస్తే ఇంత అని. చివరిదే పెద్దది, మామూలు సర్వీసులో అంత పట్టదు. మీ బిల్లులో వేసిన లీటర్లను ఫిల్టర్‌తో కలిపి మార్చినప్పటి అంకెతో పోల్చి చూడండి. ఎక్కువ వేసి ఉంటే అడగండి, సీల్ తీసిన డబ్బాలో మిగిలింది ఇచ్చేయమనండి, అది మీరు డబ్బు పెట్టి కొన్నదే.

ఇక లేబర్. షోరూమ్‌లో మెకానిక్ గడియారం చూసుకుని ఎన్ని నిమిషాలు పనిచేశాడో అంతకు బిల్లు వేస్తారని అనుకుంటాం, కానీ ఎక్కువ చోట్ల అలా ఉండదు. ఏ పనికి ఎంత సమయమో కంపెనీ ముందే ఒక పట్టిక ఇస్తుంది, దాన్ని గంట రేటుతో గుణిస్తారు. అనుభవమున్న మెకానిక్ ముందుగా ముగించినా బిల్లు మారదు, కొత్త కుర్రాడు ఆలస్యం చేసినా మారదు. ఇందులో తప్పేమీ లేదు గానీ ఒక లొసుగు ఉంది. కొన్ని బైకుల్లో స్పార్క్ ప్లగ్ మార్చాలన్నా, ఎయిర్ ఫిల్టర్ తీయాలన్నా, టాపెట్లు (ఇంజిన్ వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు) చూడాలన్నా ముందు పెట్రోల్ ట్యాంకు ఎత్తాలి. మూడు పనులూ ఒకేరోజు చేసినప్పుడు ట్యాంకు ఎత్తేది ఒక్కసారే, లేబర్‌లో మాత్రం మూడు పనుల్లోనూ ఆ సమయం కలిసి ఉండొచ్చు. "ఈ మూడూ కలిపి చేస్తే లేబర్ ఎంత?" అని ముందే అడిగితే చాలామంది సర్వీస్ అడ్వైజర్లు తగ్గించే వేస్తారు. అడగకపోతే కంప్యూటర్ ఎంత చూపిస్తే అంత.

ఇప్పుడు లెక్క. సర్వీసు ఖర్చును ఏ బిల్లుకు ఆ బిల్లుగా చూస్తే ఎప్పటికీ అర్థం కాదు, కిలోమీటరుకు ఎంత అని చూడాలి. మామూలు సర్వీసును 100 అనుకున్నాం కదా, మిగతావీ అదే కొలతలో వేసుకుందాం (ఇవి రూపాయలు కావు, మామూలు సర్వీసుతో పోల్చిన అంకెలు). మీ బండికి 6,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి ఒకటి చొప్పున 24,000లోపు మూడు మామూలు సర్వీసులు, అంటే 300. 24,000 దగ్గర టాపెట్లతో కలిపి పెద్ద సర్వీసు, దానికి 280 వేసుకోండి. మధ్యలో రెండుసార్లు బ్రేక్ ఆయిల్, ఒక జత ప్యాడ్లు కలిపి 120. చైన్-స్ప్రాకెట్ సెట్ 200. టైర్లు 300. మొత్తం 1200. మీ బండి మోడల్‌ను బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి, మీ షోరూమ్ చెప్పిన ధరలతో మళ్లీ వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే. నెలకు 500 కిలోమీటర్ల చొప్పున 24,000 తిరగడానికి మీకు 48 నెలలు పడుతుంది. 1200ని 48తో భాగిస్తే నెలకు 25.

అంటే ఏడాదికి 300 పక్కన పెట్టాలి. మామూలు ఏడాదిలో మీ చేతి నుంచి పోయేది మాత్రం 100. ఆ మిగిలిన 200ను మనం మిగులు అనుకుని ఖర్చు పెట్టేస్తాం, తర్వాత టైర్లు, చైను, పెద్ద సర్వీసు ఒకే ఏడాదిలో కూడబలుక్కుని వచ్చినప్పుడు క్రెడిట్ కార్డు తీస్తాం. పోయినసారి మీకు అక్షరాలా జరిగింది ఇదే అని నేను అనను, ఎందుకంటే మీది మామూలు సర్వీసే, కానీ అసలు పెద్దది వచ్చే ఏడాది రాబోతోంది. మూడేళ్లుగా పక్కన ఏమీ పెట్టలేదు కాబట్టి ఈ 12 నెలలూ 25 సరిపోదు, 50 పెట్టండి. 600 అవుతుంది, పెద్ద సర్వీసూ టైర్లూ కలిపి 580, అక్కడికక్కడికి సరిపోతుంది. చైన్ సెట్ ఇంకొన్ని నెలలు లాగగలదో లేదో చూపించుకోండి. ఆ తర్వాత 25కి దిగొచ్చు. దీనికి ఫండ్లూ గిండ్లూ అక్కర్లేదు, జీతం పడిన రోజే వేరే సేవింగ్స్ ఖాతాలోకి వెళ్లిపోయేలా ఆటోమేటిక్‌గా పెట్టుకుంటే చాలు.

ఇదే లెక్కతో మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా వచ్చేస్తుంది. బయటి మెకానిక్ 40 శాతం తగ్గిస్తానన్నది సర్వీసుల మీదే కదా, టైర్లు, చైన్ సెట్ ఎక్కడ కొన్నా ధరలో పెద్ద తేడా రాదు. నాలుగు సర్వీసులు కలిపి 580, అందులో 40 శాతం 232. షోరూమ్‌లోనే ఉండి ఆ అక్కర్లేని ఆరు వరుసలు వద్దంటే నాలుగుసార్లకు మిగిలేది 240. చూశారా, షోరూమ్ వదిలేసినా, షోరూమ్‌లో నోరు తెరిచినా మిగిలేది దాదాపు అంతే. వారంటీ చేతిలో ఉన్న మనిషికి రెండోదే తెలివైన పని. వారంటీ అయిపోయాక రెండూ కలిపి చేయొచ్చు, అప్పుడు నాకేం అభ్యంతరం లేదు.

వారంటీ బుక్‌లెట్‌లో షరతులు చదివారా? చట్టం దేశానికో రకంగా ఉంది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం మా షోరూమ్‌లోనే డబ్బు పెట్టి సర్వీసు చేయించుకుంటేనే వారంటీ అని కంపెనీ షరతు పెట్టకూడదు. అన్నిచోట్లా అలా లేదు. షరతు ఎలా ఉన్నా, రేపు ఇంజిన్‌కి ఏదైనా వస్తే వేళకు సర్వీసు చేయించినట్టు కాగితం మీ దగ్గర ఉండాలి. బయట చేయించినా తేదీ, కిలోమీటర్లు, వాడిన ఆయిల్ గ్రేడ్ రాసి ఉన్న బిల్లు తీసుకోండి. నోటిమాట మెకానిక్ ఎంత మంచివాడైనా, బండి అమ్మేటప్పుడు ఆయన మాట ఎవరూ కొనరు. ఇంకో సంగతి, కంపెనీ రీకాల్ (లోపమున్న భాగం సరిచేయడానికి బండ్లను వెనక్కి పిలవడం) ప్రకటిస్తే ఆ పని షోరూమ్‌లో ఉచితంగా చేస్తారు, మీరు సర్వీసు ఎక్కడ చేయించుకుంటున్నారన్నది దానికి సంబంధం లేదు. బండి ఛాసిస్ నంబర్ చెప్పి ఏమైనా పెండింగ్ ఉందేమో కనుక్కోండి.

పొదుపు చేయకూడని చోట్లు రెండున్నాయి. ఒకటి ఆయిల్ రకం. మీ బండిది తడి క్లచ్ అయితే, అంటే క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి తిరిగేవైతే, డబ్బా మీద జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్‌తో సహా, ఉండాలి. కార్ల కోసం చేసిన కొన్ని ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు ఉంటాయి, అవి పడితే క్లచ్ జారుతుంది. చవగ్గా వచ్చిందని పోసిన ఆయిల్ కొత్త క్లచ్ ప్లేట్లు తెచ్చిపెడుతుంది. రెండోది బ్రేక్ ఆయిల్. దీనికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు ప్రమాణం ప్రకారం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. పొడవాటి దిగుడులో బ్రేకులు వేడెక్కినప్పుడు ఆ ఆయిల్ మరిగితే లివర్ నొక్కినా బండి ఆగదు. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. మీ మూడేళ్ల బిల్లుల్లో ఇది ఒక్కసారి కూడా కనిపించలేదు. కోటింగ్ రెండుసార్లు వేశారు, బ్రేక్ ఆయిల్ ఒక్కసారీ మార్చలేదు! ఏబీఎస్ ఉన్న కొన్ని బండ్లకు ఈ పనిలో షోరూమ్ కంప్యూటర్ అవసరమవుతుంది, కాబట్టి ఇది అక్కడే చేయించండి.

ఏఎంసీ సంగతి. వాళ్లిచ్చిన కాగితంలో ఏడాదికి నాలుగు సర్వీసులు, లేబర్ ఉచితం, ఆయిల్, స్పేర్స్ అదనం అని ఉంది. మీరు తిరిగే 6,000 కిలోమీటర్లకు ఏడాదికి ఒక్క సర్వీసే కావాలి. నాలుగింటికి డబ్బు కట్టి ఒకటి వాడుకుంటారు, లేదంటే కట్టాం కదా అని నాలుగుసార్లూ వెళ్తారు. వెళ్లిన ప్రతిసారీ పాలిష్, కోటింగ్ మళ్లీ మొదలు. నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగే డెలివరీ కుర్రాళ్లకైతే ఇదే ఏఎంసీ కలిసిరావచ్చు, మీకు మాత్రం వద్దు.

వచ్చేసారి బండి ఇచ్చే ముందు జాబ్ కార్డు (చేయాల్సిన పనులు రాసుకునే షోరూమ్ కాగితం) మీద ఒక వాక్యం రాయించండి: ఎస్టిమేట్‌లో లేనిది ఏదైనా వేయాలంటే ఫోన్ చేసి అడగాలి. దాని కింద మీ సంతకం, అడ్వైజర్ సంతకం. మార్చిన పాత భాగాలు తిరిగి ఇవ్వమని కూడా అప్పుడే చెప్పండి. బ్రేక్ ప్యాడ్లు మార్చాలని ఫోన్ వస్తే ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందని అడగండి, మాన్యువల్‌లో కనీస మందం ఉంటుంది, దానితో పోల్చుకోండి. కోప్పడాల్సిన పనేమీ లేదు. అడ్వైజర్‌కి కూడా నెలకు ఇన్ని కోటింగ్‌లు అమ్మాలని టార్గెట్లు ఉండే అవకాశం ఎక్కువ, వద్దంటే పక్కవాళ్లను అడుగుతాడు.

బండి అమ్మి కొత్తది కొనడం గురించి అడిగారు. సర్వీసు ఖర్చు తప్పించుకోవడానికైతే అస్సలు వద్దు. కొత్త బండి మొదటి ఏడాదిలో పోగొట్టుకునే విలువ ముందు మీ నాలుగేళ్ల సర్వీసు బిల్లులు చిన్నవే అయ్యే అవకాశం ఎక్కువ. ఎప్పుడైనా వేరే కారణంతో మారిస్తే మైలేజీతో పాటు టాపెట్ చెక్ ఎన్ని కిలోమీటర్లకో అడిగి కొనండి. పెద్ద బైకుల్లో ఇది బాగా తేడా కొడుతుంది. డుకాటి కంపెనీ 2020లో వీ4 గ్రాన్‌టూరిజ్మో ఇంజిన్ తెచ్చినప్పుడు తమ పేరుమోసిన డెస్మో పద్ధతిని (స్ప్రింగులు లేకుండా వాల్వులను మూసే ఏర్పాటు) పక్కనపెట్టి మామూలు స్ప్రింగులు వాడి, వాల్వు చెక్‌ను 60,000 కిలోమీటర్లకు జరిపింది, ఆ అంకెనే గొప్పగా ప్రచారం చేసుకుంది కూడా.

చివరగా ఆ క్రెడిట్ కార్డు. మినిమమ్ డ్యూ కడుతున్నంత కాలం మిగతా బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది, మీరు ఇంజిన్ ఫ్లష్ మీద కూడా వడ్డీ కడుతున్నట్టే. కాబట్టి నెలకు 50 అని చెప్పానే, అది మొదలుపెట్టే ముందు సేవింగ్స్‌లో ఉన్నదానితో ఈ బాకీ మొత్తం ఒకేసారి తీర్చేయండి. ఒకేసారి కుదరకపోతే మొదటి రెండు మూడు నెలల 50 కూడా అందులోకే మళ్లించండి, టైర్లకు ఇంకా ఏడాది సమయం ఉంది.