కాపలాదారు కర్ర పట్టుకోకముందు

చిరంజీవికి ఆశీస్సులు.

స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం మీద నీకు పట్టుంది, ఆ విషయంలో నాకు దిగులు లేదు. చదువుతూ చదువుతూ ఒక్కచోట ఆగిపోయాను: ‘యూనిఫాం వేసుకోగానే మామూలు కుర్రవాళ్లు క్రూరులైపోయారు.’ ఆ ‘గానే’ దగ్గరే నీకూ నాకూ పేచీ. చాలా ఏళ్ల కిందట నేనూ ఇంచుమించు ఇదే వాక్యం రాశాను, అచ్చులో చూసుకుని మురిసిపోయాను. అది తొందరపాటని తెలిశాక పడిన బాధ నీకు వద్దనే ఈ ఉత్తరం.

1971 ఆగస్టులో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ జింబార్డో కుర్రవాళ్లతో చేసిన ప్రయోగం గురించి నువ్వు రాసిన వివరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేలమాళిగలో కట్టిన ఉత్తుత్తి జైలు, రోజుకు 15 డాలర్లు, ఎవరు ఖైదీ ఎవరు కాపలా అన్నది నాణెం ఎగరేసి తేల్చడం, రెండు వారాలు అనుకున్నది ఆరు రోజులకే ఆపేయడం. ఖైదీలను పేర్లతో కాక అంకెలతో పిలవడం గురించి నువ్వు రాసిన పేరా నాకు బాగా నచ్చింది. అది అలాగే ఉంచు.

కానీ కాపలాదారు కర్ర పట్టుకోకముందు ఏం జరిగిందో నువ్వు చూడలేదు. తొలి ఖైదీ రాకముందే కాపలాదారులను కూర్చోబెట్టి మాట్లాడారు. ఖైదీల్లో విసుగు, కొంతవరకు భయం పుట్టించవచ్చని, అధికారమంతా మన చేతుల్లోనే ఉంటుందని, వాళ్లకు ఏమీ ఉండదని జింబార్డోనే చెప్పారు. ఆ ‘మన’ గమనించావా? ప్రయోగం నడిపే పెద్దమనిషే జైలు సూపరింటెండెంటుగానూ ఉన్నారు. ఇక ఆ కుర్రవాళ్లకు ఏం చేస్తే మెప్పు దొరుకుతుందో వేరే చెప్పాలా?

ఇంకాస్త లోపలికి వెళ్తే ఆ ప్రయోగంలోనే రికార్డు చేసిన ఒక టేపు ఉంది. దాని దగ్గర నువ్వు కనీసం ఒక పూట కూర్చోవాలి. ఒక కాపలాదారు దేంట్లోనూ కలగజేసుకోవడం లేదు. వార్డెన్ పాత్రలో ఉన్న విద్యార్థి అతనితో మాట్లాడుతున్నాడు. బెదిరింపు లేదు. నువ్వు చురుగ్గా ఉండాలి, ప్రతి కాపలాదారూ కరకుగా ఉండాలి అంటున్నాడు. తాను అంత కరకు మనిషిని కాదంటాడు ఆ కుర్రవాడు. అయితే ఆ కరకుదనం తెచ్చుకోవడానికి ప్రయత్నించమంటాడు వార్డెన్. ఈ అధ్యయనం వల్ల జైళ్లు బాగుపడతాయన్న ఆశ కూడా చూపిస్తాడు.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఆ చివరి మాటే. క్రూరంగా ఉండమని అడిగింది ఒక మంచి పని పేరు మీద. మనం ‘పాత్ర మనిషిని మింగేసింది’ అని రాసేస్తే ఆ అడిగిన గొంతు కథలోంచి మాయమైపోతుంది. అడిగినవాడి బాధ్యతా మాయమవుతుంది, కాదనగలిగినవాడి అవకాశమూ మాయమవుతుంది. కాపలాదారులందరూ ఒక్కలా లేరు కూడా. ఖైదీల పట్ల దయగా ఉన్నవాళ్లూ ఉన్నారు. అందరికంటే కఠినంగా ఉన్నవాడికి అంతకుముందే నాటకానుభవం ఉంది. ఆ వేషం తెలిసే కట్టానని అతనే తర్వాత చెప్పాడు.

అలాగని మరో చివరకు పోయి ‘అంతా బూటకం’ అని తీర్పు రాయకు. 2018లో ఫ్రెంచి పరిశోధకుడు టిబో ల టెక్సియే పాత దస్త్రాలు తవ్వి లోపాలన్నీ బయటపెట్టాక అలా రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. వేషం నాటకమే కావచ్చు, ఆ ఖైదీలు పడిన అవమానం నాటకం కాదు. తలలకు సంచులు తొడిగి, కాళ్లకు గొలుసు కట్టి వాళ్లను మరుగుదొడ్డికి నడిపించడం చూసి క్రిస్టినా మాస్లాక్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త తట్టుకోలేకపోయింది, జింబార్డోతో గట్టిగా వాదించింది. ఆమెకు ఆ జైల్లో ఏ పాత్రా లేదు, బయటినుంచి వచ్చింది. నీ వ్యాసంలో ఆమెకు అర వాక్యం ఇచ్చావు. నాకైతే అక్కడ ఒక పేజీ కావాలనిపించింది.

బ్రిటన్‌లో రైకర్, హాస్లమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ఇలాంటి జైలు ప్రయోగం గురించీ చదువు. 2002లో బీబీసీలో ప్రసారమైంది. అక్కడ కాపలాదారులకు ఎలా ప్రవర్తించాలో నూరిపోయలేదు. వాళ్లు అధికారం చలాయించడానికే తటపటాయించారు. ఖైదీలు ఒక్కటై ఆ ఏర్పాటునే కూలదోశారు. నీ ‘గానే’ అక్కడ నిలబడదు.

ఈసారి వ్యాసాన్ని ఆ టేపు దగ్గర మొదలుపెట్టి చూడు. నేను అంత కరకు మనిషిని కాను అన్నప్పుడు ఆ కుర్రవాడి ముఖం ఎలా ఉందో మనకు తెలియదు, దాన్ని కల్పించకు. విన్న మాటలు విన్నట్టే పెట్టు. తిరగరాశాక పంపు, పాత ప్రతి కూడా జతచెయ్యి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.