బ్లూస్ ఎక్కడ మొదలెట్టాలన్నావు కదా

బుజ్జీ,

మొన్న ఫోన్లో బ్లూస్ వినాలనుంది బాబాయ్, ఎక్కడ మొదలెట్టమంటావ్ అన్నావు, బస్సులో ఉండి సరిగ్గా చెప్పలేకపోయా, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. బ్లూస్ అంటే అమెరికా నల్లజాతివాళ్ళ పాట. ఎవరైనా 1920ల నుంచి వరసగా వింటూ రా అంటే మాత్రం వినకు. నేనలాగే చేశా. ఇరవై ఏళ్ళప్పుడు ఫ్రెండ్ ఇచ్చిన క్యాసెట్లో 1930ల నాటి గాయకుడు రాబర్ట్ జాన్సన్‌ని పెట్టుకుంటే పాత రికార్డు గరగర తప్ప ఏం చెవికెక్కలేదు, పక్కన పడేశా, మళ్ళీ బ్లూస్ జోలికి రావడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళు పోయాయని ఇప్పటికీ బాధే నాకు.

నువ్వు బీబీ కింగ్‌తో మొదలెట్టు. 1969లో వచ్చిన 'ద థ్రిల్ ఈజ్ గాన్'. రాత్రి లైట్లాపేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను, ఏదో పని చేసుకుంటూ కాదు. ఆయన పాడేటప్పుడు వాయించడు, వాయించేటప్పుడు పాడడు. ఒక లైను పాడి ఆగుతాడు, ఆ ఖాళీలో గిటార్ జవాబు చెప్తుంది. బుర్రకథలో కథకుడు ఒక మాట అనగానే పక్కవాళ్ళు వంత అందుకుంటారు చూడు, ఇక్కడ వంత పాడేది ఆయన చేతిలో గిటారే. దానికి లూసిల్ అని పేరు కూడా పెట్టుకున్నాడు. ఒక్క స్వరం పట్టుకుని వేలితో తీగని వణికిస్తాడు, చిన్నప్పుడు వీణ నేర్చుకున్నావు కాబట్టి గమకం అలవాటైన నీ చెవికి ఆ వణుకు వెంటనే దొరుకుతుంది. ఈ ఒక్క పాటే వారం రోజులు విను, నిజంగానే వారం.

తర్వాత మడ్డీ వాటర్స్. అమెరికా దక్షిణాన మిసిసిపీలో పత్తి పొలాల్లో పనిచేసినవాడు, 1943లో షికాగో వెళ్ళిపోయాడు, అక్కడ బార్ల గోలలో మామూలు గిటార్ ఎవరికి వినపడుతుంది, అందుకే కరెంటు గిటార్ పట్టాడు. 1954 నాటి 'హూచీ కూచీ మ్యాన్' పెట్టు. బ్యాండ్ మొత్తం ఒక్క విరుపు విరిచి టక్కున ఆగుతుంది, ఆ నిశ్శబ్దంలో ఆయన గొంతు ఒక్కటే వస్తుంది, మళ్ళీ విరుపు. అందులో మౌతార్గన్ వాయించింది లిటిల్ వాల్టర్, మైకునీ మౌతార్గన్‌నీ కలిపి గుప్పిట్లో పట్టుకుని వాయించేవాడు, అందుకే శాక్సఫోన్ అంత బరువుగా ఉంటుంది. ఆ వెంటనే హౌలిన్ వుల్ఫ్ 'స్మోక్‌స్టాక్ లైట్నింగ్', 1956. ఆ ఊళ ఎలా ఉంటుందో నేను రాయలేను, నువ్వే వినాలి.

ఆడవాళ్ళని చాలామంది వదిలేస్తారు, నువ్వు వదలకు. బెస్సీ స్మిత్ 1925లో పాడిన 'సెయింట్ లూయిస్ బ్లూస్'లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్, అంటే ట్రంపెట్ లాంటి బాకా, ప్రతి లైనుకీ ఎలా బదులిస్తుందో గమనించు, మళ్ళీ అదే వంత. ఎట్టా జేమ్స్ 'ఐడ్ రాదర్ గో బ్లైండ్' మాత్రం మనసు బాలేనప్పుడు విను.

ఇప్పుడు పాతవాటికి వెళ్ళు. గరగర ఇంక అడ్డురాదు. ముందు మిసిసిపీ జాన్ హర్ట్, చాలా మెత్తని మనిషి, 1928లో కొన్ని పాటలు రికార్డ్ చేసి మళ్ళీ పొలం పనికి వెళ్ళిపోయాడు, 1963లో గానీ ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. ఆ తర్వాతే రాబర్ట్ జాన్సన్. 27 ఏళ్ళకే పోయాడు, మిగిలినవి 29 పాటలు. గిటార్ విద్య కోసం దెయ్యానికి ఆత్మ అమ్ముకున్నాడనే కథ ఎక్కడ చూసినా ఎదురవుతుంది, దాన్ని పక్కనపెట్టి ఆ చెయ్యి విను, ఒక్కడే వాయిస్తున్నా ఇద్దరున్నారేమో అనిపిస్తుంది. ఆ పనితనం దెయ్యం ఖాతాలో వెయ్యడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

అన్నిటికంటే చివర సన్ హౌస్ 1965లో పాడిన 'గ్రిన్నిన్ ఇన్ యువర్ ఫేస్' దాచుకో. అందులో గిటార్ కూడా లేదు, ముసలాయన గొంతు, ఆయన చప్పట్లు, అంతే. అది విన్నరోజు ఎంత రాత్రైనా నాకు ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటా.

మీ బాబాయ్