ఏ యాప్ అయినా సరే, ముందు వీడియో ఆపండి

"మా ఇంట్లో ఒకరిది ఐఫోన్, ఒకరిది పాత ఆండ్రాయిడ్, ఇంకొకరిది లినక్స్ లాప్‌టాప్. అందరికీ పనికొచ్చే మీటింగ్ సాఫ్ట్‌వేర్ ఏది?" అని ఒకరు అడిగారు. జూమ్, గూగుల్ మీట్, జిట్సీ మూడూ అన్నిట్లోనూ నడుస్తాయి. డబ్బు కట్టకపోతే జూమ్ 40 నిమిషాలకు ఆగుతుంది. ముగ్గురు, అంతకు మించి ఉంటే మీట్ 60 నిమిషాలకు ఆగుతుంది. నా ఓటు జిట్సీకి. కంప్యూటర్లో ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, బ్రౌజర్లో లింకు తెరిస్తే చాలు. 2023 నుంచి వాళ్ల ఉచిత సర్వర్‌లో మీటింగ్ మొదలుపెట్టేవాళ్లు మాత్రం గూగుల్ లాంటి ఖాతాతో లాగిన్ అవ్వాలి. మిగతావాళ్లకు ఆ గొడవ లేదు.

కానీ అసలు సంగతి యాప్ కాదు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఆదివారం సాయంత్రాలు ఎనిమిది మంది పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు చదవడం నేర్పుతాను. వాళ్లకు బడిలో ఒడియా, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడం వరకే.

వానాకాలంలో ఒకరోజు గుణుపురం నుంచి ఒక పాప వాళ్ల అమ్మ ఫోన్లో 'కమలం' చదివింది. నాకు 'క... లం' అని వినిపించింది. మళ్లీ చదవమన్నాను. మళ్లీ అంతే. నాలుగోసారికి పాప గొంతులో ఏడుపు. ఇక క్లాసుకు రాదేమోనని నాకు టెన్షన్. అందరినీ వీడియో ఆపమన్నాను. అప్పుడు గొంతు స్పష్టంగా వచ్చింది: 'కొమొళం'. ఒడియాలో 'క' అక్షరం 'కొ'కి దగ్గరగా పలుకుతుంది, ఆ పూవు పేరులో 'ళ'యే ఉంటుంది. బడి నేర్పిన నోటితోనే చదివింది పాప. వెనక నుంచి నాయనమ్మ "కొ కాదే తల్లీ, క... కమలం" అంది. ఈసారి పాప సరిగ్గా పలికింది.

మాటకు సెకనుకు 100 కిలోబిట్ల డేటా కూడా అక్కర్లేదు. వీడియోకు దానికి ఎన్నో రెట్లు కావాలి. ఉన్న కాస్త సిగ్నల్‌నీ ముఖాలకే పోస్తే మాటకు ఏం మిగులుతుంది? అందుకే కెమెరా ఆన్ చేయాల్సిందేనని పట్టుబట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఉద్యోగం చేసిన ఊరు మాది. ఇక్కడి పిల్లలకు తెలుగు అక్షరాలు ఫోన్లో దిద్దించాల్సి రావడం నాకు బాధగానే ఉంటుంది. ఇప్పుడు అక్షరాన్ని పలక మీద రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాను. క్లాసంతా గొంతులే. గుణుపురం పాప పక్కన నాయనమ్మ కూడా కూర్చుంటోంది.